రెండో డబ్బా

మా వీధి చివర టైర్ల కొట్టు పక్కన ఒక కార్ల షెడ్డు ఉంది. అందులో పనిచేసే పెద్దాయన్ని చుట్టుపక్కలవాళ్లంతా 'ఆగండి మేస్త్రి' అంటారు. మొహం మీద అనరు గానీ ఆయనకు తెలుసు. పనంతా అయిపోయింది, ఇక బానెట్ దించి కారు ఇచ్చేస్తాడు అనుకునే సమయానికి ఆయన అరచెయ్యి అడ్డం పెట్టి, "ఆగండి, ఇంకా రెండోసారి తిరగలేదు" అంటాడు.

తిరగాల్సింది రేడియేటర్ వెనకాల ఉండే ఫ్యాను. ఇంజను బాగా వేడెక్కినప్పుడు అది దానంతటదే తిరుగుతుంది, వేడి తగ్గగానే ఆగిపోతుంది. ఒకసారి తిరిగితే ఫ్యాను పనిచేస్తోందని మాత్రమే అర్థమట. అది ఆగి, ఇంజను మళ్లీ వేడెక్కి, రెండోసారి కూడా తిరిగి ఆగితేనే లోపల నీళ్లు సరిగ్గా ఆడుతున్నట్టు. అంతవరకూ కారు ఎవరిదైనా, వాళ్ల తొందర ఎంతటిదైనా, ఆయన కదలనివ్వడు.

"నీ దగ్గర పనికి గంట, ఆగడానికి గంట" అని మా పక్కింటి బస్సు డ్రైవరు ఆటపట్టిస్తే ఆయన ఎడమ చేతి చొక్కా పైకి లాగి చూపిస్తాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం, కరిగి మళ్లీ గట్టిపడ్డ ప్లాస్టిక్‌లా మెరుస్తూ ఉంటుంది. ఇరవయ్యేళ్ల వయసులో ఒక లారీ యజమాని తొందరపెడితే సలసల కాగుతున్న రేడియేటర్ మూత విప్పాడట. "చేతులు కాలాక అందరూ ఆకులు పట్టుకుంటారు. నేను ఫ్యాను పట్టుకున్నా" అంటాడు.

షెడ్డు ఆయన అల్లుడిది. అల్లుడు పెద్ద కంపెనీ వర్క్‌షాపులో పని నేర్చినవాడు. కారుకు స్కానర్ తగిలించి, తెర మీద అంకెలు చూసి జబ్బు చెబుతాడు. మామగారు రబ్బరు పైపుల మీద అరచెయ్యి వేసి చెబుతాడు. ఇద్దరూ వేర్వేరు జబ్బులు చెప్పిన రోజు ఓడినవాళ్లు టీ తెప్పించాలని వాళ్లలో వాళ్లకు ఒప్పందం. "నెలలో ముప్పాతిక టీలు నావే" అని అల్లుడే నవ్వుతూ ఒప్పుకునేవాడు.

అలాంటి మనిషి తన చేతిని, తన బుర్రను తానే నమ్మడం మానేసేలా చేసింది నేను.

అప్పుడు మా పాపకు పద్నాలుగు నెలలు. మా పాత కారులో నీటి పంపు కారడం మొదలైంది. ఒక శుక్రవారం మధ్యాహ్నం కాలేజీ ల్యాబులో నా క్లాసు అయిపోయాక, పాపను క్రెష్ నుంచి తీసుకుని నేరుగా షెడ్డుకు వెళ్లాను. అల్లుడు విడిభాగాల దుకాణానికి వెళ్లాడు. షెడ్డులో మేస్త్రి ఒక్కడే ఉన్నాడు. ఏదో కారులోంచి ఊడదీసిన వెనక సీటు గోడవారన వేసి ఉంటుంది. కస్టమర్లకు అదే సోఫా. నిద్రపోతున్న పాపను ఒళ్లో వేసుకుని దాని మీద కూర్చున్నాను.

కొత్త పంపు బిగించాక ఆయన రెండు కూలెంట్ డబ్బాలు తెచ్చి ముందు పెట్టుకున్నాడు. లీటరు చొప్పున రెండు. ఆకుపచ్చ ద్రవం. దానికి రెండు లీటర్ల శుభ్రమైన నీళ్లు కలిపితే నాలుగు లీటర్లు, మా కారుకు సరిగ్గా సరిపోతుంది. నీళ్లు తొందరగా మరిగిపోకుండా, లోపల తుప్పు పట్టకుండా కాపాడేది అదే. మొదటి డబ్బా పోశాడు. నీళ్లు పోశాడు. రెండో డబ్బా మూత తిప్పాడు. ఆ చిన్న టక్కుమన్న చప్పుడుకు పాప కళ్లు విప్పింది. అది కూడా పోసి, రబ్బరు పైపులను మెల్లగా పిసుకుతూ నిలబడ్డాడు. రేడియేటర్ నోట్లోంచి బుడగలు వచ్చాయి.

"ఏం చేస్తున్నారు మేస్త్రిగారూ?"

"పాపాయికి పాలు పట్టాక ఏం చేస్తారమ్మా మీరు? భుజాన వేసుకుని వీపు తడతారు. దీనికీ అంతే. త్రేన్పు రావాలి. గాలి లోపల ఉండిపోతే నీళ్లు ముందుకు పోవు."

ఆ తర్వాత ఫ్యాను కోసం ఎదురుచూస్తూ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పాప ఆయన జేబులోని పెన్ను వైపు చెయ్యి చాచింది. ఆయన పెన్ను ఇవ్వలేదు, తన వేలు ఇచ్చాడు.

"మా నాన్న దర్జీ" అన్నాడు. "ఆయన కుట్టిన చొక్కా ఒంటి మీద మొలిచినట్టు ఉండేది. అరవై దాటాక ఒకరోజు ఒకాయనకి చొక్కా కుట్టిచ్చాడు. దానికి మూడు చేతులు."

"మూడా?"

"మూడే. రెండు భుజాలకి, ఒకటి వీపుకి. ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వాం. ఆయనా నవ్వాడు. 'మూడోది వీపు గోక్కోడానికిరా' అన్నాడు." కాసేపు ఫ్యాను వైపు చూశాడు. "ఆర్నెల్లకి దుకాణం దారి మర్చిపోయాడు. ఏడాదికి నా పేరు. నాకిప్పుడు అరవై రెండు. అందుకే అన్నీ లెక్కపెట్టుకుని చేస్తా. రెండు డబ్బాలు, రెండు ఫ్యాన్లు. ఎప్పుడైనా లెక్క తప్పిందా, నేనూ మూడు చేతుల చొక్కా మొదలెట్టానని అర్థం."

ఫ్యాను తిరిగింది, ఆగింది. మళ్లీ తిరిగింది, ఆగింది. అప్పుడు బానెట్ దించాడు. ఇదంతా నా కళ్లతో చూశాను. నేను తప్ప చూసినవాళ్లు లేరు.

ఆదివారం పొద్దున మా ఆయన వాళ్ల అమ్మను ఆటోలో కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. నేను ఇంట్లో కారు నిలిపే చోట బట్టలు ఆరేస్తున్నాను. పాప నేల మీద పాకుతోంది. వెనక్కి తిరిగి చూసేసరికి కారు కిందికి సగం దూరి, వేలితో నేల మీద ఏదో రాస్తోంది. వేలు ఆకుపచ్చగా ఉంది.

నేను చదివింది రసాయనశాస్త్రం. ఆ చుక్క ఏమిటో నాకు వెంటనే తెలిసింది. ఇథిలీన్ గ్లైకాల్. తియ్యగా ఉంటుంది, అదే దాని దుర్మార్గం. చిన్నపిల్లల మూత్రపిండాలను పాడుచేయడానికి కాస్త చాలు. పాపను ఎత్తుకుని చెయ్యి కడిగాను, నోరు కడిగాను, నాలుక మీద రంగు ఉందేమోనని టార్చి వేసి చూశాను. లేదు. నోట్లో పెట్టుకోలేదు. కారు కింద నాలుగే నాలుగు చుక్కలున్నాయి. రిపేరు రోజు ఒలికి, ఇంజను కింద ఉండే ప్లాస్టిక్ పలకలో నిలిచిపోయి, ఆలస్యంగా కారినవి. అది తర్వాత తెలిసింది. అప్పుడు నాకు కనిపించింది ఒక్కటే: ఇంట్లో నాలుగు లీటర్ల విషం ఉంది, అది కారుతోంది.

మా అత్తగారు నా గురించి అందరికీ చెప్పే మాట ఒకటుంది. "మా కోడలు పిల్లకి ఎండ తగిలినా థర్మామీటర్ పెడుతుంది, నీడ తగిలినా పెడుతుంది." ఆ మాట నిజమే. ఆ రోజు కూడా ఒకరిని అడుగుదామని, షెడ్డుకు ఫోను చేద్దామని తోచలేదు. పాపను ఊచల మంచంలో పడుకోబెట్టి, కారు కింద టబ్బు పెట్టి, రేడియేటర్ అడుగున ఉండే ప్లాస్టిక్ బిరడా చేత్తో తిప్పేశాను. ఆకుపచ్చగా ధార కట్టింది. అది ఆగాక బిరడా బిగించి, ఇన్వర్టర్ బ్యాటరీ కోసం తెచ్చిపెట్టుకున్న డిస్టిల్డ్ వాటర్ పైదాకా పోశాను. ఇందులో లవణాలుండవు, తుప్పు పట్టదు, మా ఊళ్లో నీళ్లు గడ్డకట్టేంత చలీ లేదు, ఇక ఆ విషంతో పనేమిటి అని నాకు నేనే పాఠం చెప్పుకున్నాను.

తీసిన ద్రవాన్ని నేల తుడిచే మందు వచ్చిన ఖాళీ డబ్బాలో పోసి అటక మీద పెట్టాను. పెట్టేముందు ల్యాబు అలవాటు కొద్దీ చీటీ అంటించాను. 'కూలెంట్, 2.5 లీ., ఆదివారం' అని, తేదీ. లేబుల్ లేని సీసా ఉంచకూడదని పిల్లలకు రోజూ చెప్పే మనిషిని కదా. రెండున్నర లీటర్లు బయటికొచ్చిన చోట లీటరున్నర నీళ్లే పట్టాయన్న సంగతి మాత్రం నా తలకు తట్టలేదు. మిగతా లీటరు స్థలంలో ఏముందని ఏడో తరగతి పిల్లను అడిగినా చెబుతుంది.

మా ఆయనకు చెప్పలేదు. చెబితే నవ్వుతాడని.

సోమవారం పొద్దున పాపను క్రెష్‌కు తీసుకెళుతుంటే, వంతెన దగ్గర వాహనాలన్నీ నిలిచిపోయాయి. ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. చూస్తుండగానే బానెట్ అంచుల్లోంచి ఆవిరి లేచింది. ఇంజను ఆపి, వెనక సీట్లో పాప బెల్టు విప్పడానికి ప్రయత్నిస్తే వేళ్లకు పట్టు చిక్కలేదు. ఎవరో స్కూటరు మీద వెళ్లేవాళ్లు ఆగి విప్పారు. పాపకు ఏమీ కాలేదు. ఆవిరిని చూసి చప్పట్లు కొట్టింది. నేను కాలిబాట మీద కూలబడి మా ఆయనకు, తర్వాత షెడ్డుకు ఫోను చేశాను.

కారును షెడ్డుకు లాక్కొచ్చేసరికి మా ఆయన కూడా ఆఫీసు నుంచి వచ్చాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఆ రోజు పెంచాడు.

"మొన్నే కదండీ బాగుచేశారు? లోపల పసిపిల్ల ఉంది."

"తప్పు ఎక్కడుందో చూస్తానయ్యా. చల్లారనివ్వండి" అన్నాడు మేస్త్రి. 

గంట ఆగాడు. మూత విప్పి చూస్తే నీళ్లు చాలా కిందికి ఉన్నాయి. ఒక గాజుగొట్టం లాంటిది తెచ్చి లోపలి నీళ్లు పైకి లాగాడు. ఆ గొట్టంలో రంగురంగుల చిన్న గుండ్లుంటాయి. కూలెంట్ సరిపడా కలిసి ఉంటే నాలుగు తేలాలి. రెండే తేలాయి. ఆయన దాన్ని ఖాళీ చేసి మళ్లీ లాగాడు. మళ్లీ రెండే. గొట్టం పక్కన పెట్టేశాడు.

మరొకరైతే అక్కడే తీర్పు చెప్పేసేవారు. ఆయన చెప్పలేదు. నీళ్లు నింపి, ఇంజను నడిపించి, పైపులు పట్టుకుని చూశాడు. పై పైపు చెయ్యి పెట్టలేనంత వేడి, కింది పైపు చల్లగా ఉంది. హీటరు పూర్తిగా తిప్పితే చల్లగాలి వచ్చింది. "లోపల నీళ్లు తిరగట్లేదు" అన్నాడు. ఇంజను ఆపి చల్లారాక, వేడికి తెరుచుకుని నీళ్లను వదిలే చిన్న కవాటం ఊడదీసి, టీ కాచే గిన్నెలో నీళ్లు మరిగించి అందులో వేశాడు. అది బుద్ధిగా నోరు తెరిచింది. కొత్త పంపు చూశాడు. అదీ బాగుంది. ఇంజను పైభాగం పాడైందేమోనని అల్లుడు స్కానర్ పెట్టాడు, ఆయన వేరే పరీక్ష చేశాడు. అదీ లేదు. ఒక్కొక్క అనుమానాన్నీ తీసి పక్కన పెట్టుకుంటూ వచ్చాడు. మా ల్యాబులో ఇంత ఓపికగా పనిచేసే విద్యార్థిని నేనింతవరకూ చూడలేదు.

చివరికి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "గాలి. గాలి ఉండిపోయింది. కూలెంట్ సగమే ఉంది. ఒక్క డబ్బా లెక్క."

అప్పుడు నాకు అర్థమైంది. ఇంజనులో మిగిలిన లీటరున్నరకు లీటరున్నర నీళ్లు కలిపితే వచ్చే గాఢత ఎంతో నోటిలెక్క చాలు. నాలుగు లీటర్లలో ఒక్క డబ్బా పోస్తే ఎంతో, సరిగ్గా అంతే. నేను చేసిన పని అచ్చం ఆయన మతిమరుపులా కనబడుతోంది.

"మామయ్యా, రెండోది పోయలేదా?" అన్నాడు అల్లుడు, వీలైనంత మెల్లగా.

"పోశాననే అనుకుంటున్నా. గుండ్లు అబద్ధం చెప్పవు కదయ్యా." పెద్దాయన ఆ సోఫా సీటు అంచున కూర్చున్నాడు. "నేనూ మూడు చేతుల చొక్కా కుట్టడం మొదలెట్టా."

మా ఆయన గొంతు తగ్గించాడు గానీ మాట తగ్గించలేదు. "వయసు మీద పడ్డాక కొన్ని పనులు వదిలెయ్యాలండీ. మీ మంచికే చెబుతున్నా."

నేను పాపను భుజాన వేసుకుని నిలబడి ఉన్నాను. ఆ క్షణాన నోరు విప్పితే ముగిసిపోయేది. విప్పితే నడివీధిలో పాపను ప్రమాదంలో పెట్టింది నేనే అని తేలుతుంది. నా భయమే ఏదో ఒకరోజు పిల్ల మీదికి తెస్తుందని మా ఆయన ఒకసారి అన్నాడు. ఆ మాట నిజమైపోతుంది. తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను.

ఆ సాయంత్రం అల్లుడు కూలెంట్ కలిపి కారు ఇచ్చేశాడు. తర్వాత పది రోజులు దాన్ని తీయలేదు, రోజూ ఆ షెడ్డు ముందు నుంచే నడిచి వెళ్లాను. వేరే దారి ఉంది, కానీ ఆ దారిన వెళితే తప్పు ఒప్పుకున్నట్టు అనిపించింది. మేస్త్రి ఇంజన్ల దగ్గర లేడు. బయట టైర్లకు గాలి కొడుతున్నాడు. అల్లుడు వద్దన్నది కాదట, తనే పనిముట్ల పెట్టె అల్లుడి ముందు పెట్టేశాడట. షెడ్డు గోడ మీద సుద్దతో గీతలు కనబడ్డాయి. ఏ కారుకు ఏం చేశాడో, ఏ చక్రానికి గాలి కొట్టాడో రాసుకుంటున్నాడు. ఆ రాతల పక్కన గుండ్రంగా మూడు గడియారాల బొమ్మలు.

ఒకరోజు నన్ను చూసి గాలి గొట్టం కింద పెట్టాడు.

"టీచరమ్మా, ఒక్క మాట. ఆ శుక్రవారం మీరు ఇక్కడే కూర్చున్నారు కదా. నేను రెండో డబ్బా మూత విప్పానా? మీకేమైనా గుర్తుందా? ఖాళీ డబ్బా దొరుకుతుందేమోనని చెత్తంతా వెతికా. పాత సామాన్లవాడు అప్పటికే పట్టుకుపోయాడు."

టక్కుమన్న మూత చప్పుడు చెవిలో వినిపించింది. కళ్లు విప్పిన పాప కళ్ల ముందు కనిపించింది.

"పాపను చూసుకుంటున్నా మేస్త్రిగారూ. గమనించలేదు."

"అంతేలెండి. పసిపిల్ల తల్లి, ఏం గమనిస్తారు" అన్నాడు. "మీ ఆయన్ని ఏమీ అనుకోవద్దని చెప్పండి."

రేడియేటర్ బిరడా తిప్పింది భయంతో. ఈ మాట అన్నది మాత్రం భయంతో కాదు. నిలబడి, ఆలోచించుకుని, ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తూ అన్నాను. ఒక నిజాయితీపరుడి చేతికి తప్పు కొలతలు ఇస్తే ఆయన వాటి నుంచి సరైన లెక్కే కట్టాడు. ఆ లెక్క తేల్చింది తన బుద్ధి పోతోందని. సరిచేయగల ఒకే ఒక్క కొలత నా దగ్గరుంది, అటక మీద, తేదీతో సహా.

గురువారం సాయంత్రం క్రెష్ నుంచి వస్తుంటే పక్కనే ఉన్న బడి గేటు దగ్గర అల్లుడు కనిపించాడు. రోజూ ఆ గేటు దగ్గర ఉండేది మేస్త్రి. మనవరాలి సంచి తన భుజానికి తగిలించుకుని, ఆ పిల్ల చెప్పే కబుర్లకు ఊఁ కొడుతూ నడుస్తుంటాడు.

"మీరొచ్చారేం?" అన్నాను.

"మామయ్య రానంటున్నాడండీ. వారం అయింది. 'దారిలో పిల్లనెక్కడైనా వదిలేసి ఇంటికొచ్చేస్తే?' అంటాడు. మా ఆవిడ ఒకటే ఏడుపు." ఇటూ అటూ చూసి గొంతు తగ్గించాడు. "వచ్చే వారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాం. అక్కడ మతి సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి గడియారం బొమ్మ గీయమంటారంట కదా, దానికి ప్రాక్టీసు చేస్తున్నాడు. పరీక్షకి చదువుకున్నట్టు."

మనవరాలు సంచి ఈడ్చుకుంటూ వచ్చి, "తాతేడి?" అంది.

ఇంటికి వచ్చి స్టూలు వేసుకుని అటక మీది డబ్బా దించాను. మా ఆయన వచ్చేదాకా దాన్ని వంటింటి గట్టు మీద పెట్టుకుని కూర్చున్నాను. వచ్చాక చెప్పాను. నీళ్లు నమలకుండా, వరసగా, మేస్త్రి నన్ను అడిగిన ప్రశ్నతో, నేనిచ్చిన జవాబుతో సహా. ఆయన నవ్వలేదు. చీటీ మీది తేదీ రెండుసార్లు చదివాడు.

"నేను ఆయన్ని ఎంత మాట అన్నాను" అన్నాడు. తర్వాత, "ఇంతకాలం ఎలా ఉండగలిగావు?" అని అడిగాడు. తిట్టినా బాగుండేది.

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి, పాపను క్రెష్‌లో దింపి, కారులో షెడ్డుకు వెళ్లాను. మా ఆయన తనూ వస్తానన్నాడు. ముందు నేను వెళతాను, మీరన్న మాటకు క్షమాపణ చెప్పడానికి మీరు తర్వాత వెళ్లండి అన్నాను. మేస్త్రి బయటే ఉన్నాడు. డబ్బా ఆయన ముందు పెట్టాను.

"ఇదేంటమ్మా?"

"మీ రెండో డబ్బా."

మొత్తం చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆయన నా వైపు చూడలేదు. డబ్బా మీది చీటీ చూస్తున్నాడు. అయ్యాక లేచి, లోపలికి వెళ్లి, గీతలున్న జగ్గు తెచ్చి అందులో పోశాడు. రెండున్నర. గుండ్ల గొట్టం తెచ్చి ముంచాడు. ఒకటి తేలింది. రెండు. మూడు. నాలుగోది కాస్త ఆగి, మెల్లగా పైకొచ్చింది. ఆయన దాన్ని వెలుతురుకేసి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"దీని బదులు నీళ్లెన్ని పోశారు?"

"లీటరున్నర."

"అంటే లీటరు గాలి పోశారు." ఆయన మొహంలో నవ్వు లేదు. "మీ పాపకి త్రేన్పు తెప్పిస్తారు. దానికి తెప్పించలేదు."

"తెలియక చేశాను మేస్త్రిగారూ."

"అది నాకూ అర్థమవుతుందమ్మా. పిల్ల వేలికి అంటుకుంటే ఏ తల్లయినా బెదురుతుంది. అదే నా మనవరాలైతే నేను కారే అమ్మేసేవాణ్ణి." జగ్గు కింద పెట్టాడు. "కానీ నేను అడిగా కదా. ఇక్కడే నిలబడి అడిగా. నాకు రాత్రుళ్లు నిద్ర లేదు. డబ్బా మూత తిప్పినట్టు చేతికి గుర్తుంది, గుండ్లేమో కాదంటున్నాయి. చెయ్యి నమ్మాలా, గుండ్లు నమ్మాలా? చెయ్యే తప్పని మానేశా."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. కడిగినా పోని అడుసు ఉంటుందని ఆ రోజు తెలిసింది. క్షమించమన్నాను. ఆ మాట ఆయన విన్నట్టు లేదు, విననట్టూ లేదు.

"మావాడికి చెప్పండి" అన్నాడు. "నేను చెబితే తలూపుతాడు. ఊపి, పాపం పెద్దాయన ఏదో సాకు వెతుక్కున్నాడనుకుంటాడు. మీరు చెప్పండి."

అల్లుడు ఏదో కారు కింద పడుకుని ఉన్నాడు. బయటికి రమ్మని పిలిచి మొదటి నుంచి మళ్లీ చెప్పాను. రెండోసారి చెప్పడం మొదటిసారి కన్నా కష్టమైంది. అతను నా వైపు ఒకసారి, మామగారి వైపు ఒకసారి చూశాడు. తర్వాత మూల నుంచి పనిముట్ల పెట్టె తెచ్చి మామగారి స్టూలు పక్కన పెట్టాడు.

"టీ చెప్పొస్తా" అన్నాడు. "ఓడింది నేనే."

"నువ్వు కాదులే, టీచరమ్మ" అన్నాడు మేస్త్రి. అప్పుడు మాత్రం పెదవి ఒక పక్కకు కాస్త కదిలింది. "కారు లోపలికి పెట్టండి. ఆ రోజు నేను సరిగ్గా చూడలేదు, నా మీద నాకే నమ్మకం లేక మావాడితో మూత బిగించేయించా. అంత వేడెక్కిన ఇంజను, మళ్లీ చూడాలి."

బానెట్ ఎత్తాడు. పైపులు పిసికాడు, గుండ్లు చూశాడు, కూలెంట్ కొంచెం కలిపాడు. కలిపిన ప్రతిసారీ గోడ దగ్గరికి వెళ్లి సుద్దతో గీత పెట్టాడు. ఈ గొడవకు ముందు ఆయనకు ఆ అలవాటు లేదు. ఇంజను నడుస్తుండగా ఫ్యాను ఒకసారి తిరిగి ఆగింది. నేను సోఫా మీద కూర్చున్నాను. ఒళ్లో పాప లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. మేస్త్రి గోడ గడియారం చూసి, సబ్బుతో చేతులు కడుక్కున్నాడు.

"ఈరోజు బడి ఒంటిపూటే. మనవరాలిని తీసుకురావాలి" అన్నాడు, అల్లుడికి వినబడేలా.

అల్లుడు పని ఆపేశాడు. "నేను వెళ్లనా మామయ్యా?"

"నీకు పనుంది."

గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "టీచరమ్మా, మీరు కదలకండి. రెండోసారి తిరుగుతుందో లేదో చూడండి. నేనొచ్చి అడుగుతా."

ఆయన వీధి మలుపు తిరిగేదాకా అల్లుడు గుమ్మంలోనే నిలబడ్డాడు. నేను ఫ్యాను మీంచి కళ్లు తీయలేదు. ఫోను మోగితే తీయలేదు. దాని రెక్కలు ఏడు. ఒకదాని అంచు విరిగి ఉంది. చాలాసేపటి తర్వాత అది ఒక్కసారి వణికి, తిరగడం మొదలుపెట్టింది. వేడిగాలి మొహానికి కొట్టింది. అలాగే చూస్తూ ఉన్నాను, ఆగేదాకా.

వాళ్లు వచ్చారు. మనవరాలి సంచి ఆయన భుజాన ఉంది. ఆ పిల్ల ఆయన చిటికెన వేలు పట్టుకుని ఏదో చెబుతూనే ఉంది. మేస్త్రి గోడ దగ్గర ఆగి, అరచేత్తో గడియారాల బొమ్మలు తుడిచేశాడు. డబ్బాల గీతలు తుడవలేదు.

నా దగ్గరికి వచ్చాడు. "తిరిగిందా?"

"తిరిగింది."

"మీరు చూశారా?"

"చూశాను."

ఆయన తలాడించాడు. సంచి దించి స్టూలు మీద పెట్టి, చొక్కా చెయ్యి పైకి మడిచి, ఇంజను మీదికి వంగాడు. కింది పైపు మీద అరచెయ్యి వేసి, నీళ్లు తిరుగుతున్నాయని తనకు తాను తెలుసుకునేదాకా అలాగే ఉంచాడు.